దాణాతొట్టి – ధర్మవిచారము

బలము గలవాడు ముందు తినును, లేనివాడు మిగిలినది తినును. ఇది సృష్టిలో ఉన్నదే గదా, దీనికి ధర్మాధర్మ విచారమేల యని పలువురు అడుగుచుందురు. పెద్ద చేప చిన్న చేపను మ్రింగుటకు మన పూర్వులు మత్స్యన్యాయమని పేరు పెట్టిరి. రాజు లేనిచోట ఏమి జరుగునో చెప్పుటకు ఆ మాటను వాడిరే గాని, దానిని న్యాయమని వారు మెచ్చుకొనలేదు. అట్లు జరుగకుండుటకే రాజు కావలెననిరి. ఈనాటి మనవారు ఆ మాటను తలక్రిందులు చేసి, అడవిలో అంతే, ఊరిలోను అంతే యని తీర్పు చెప్పి కూర్చుందురు. అడవిలో నిజముగా అంతేనా యని వెళ్లి చూచినవారు మిక్కిలి తక్కువ. అట్లు చూచినవారు కొందరు కలరు. వారు చూచిన మృగమును గూర్చి ముందు కొంత వ్రాసి, అటుపిమ్మట మా విచారణకు వచ్చెదము.

అరేబియా ఎడారులలో ఓరిక్స్ అను తెల్లని మృగము కలదు. మన కృష్ణజింకకు, అనగా పూర్వులు ఇర్రి యని పిలిచినదానికి, ఇది దూరపు బంధువు. ఒడలు తెలుపు, కాళ్లు ముదురు గోధుమవన్నె, ముఖముపై నల్లని మచ్చలు. కొమ్ములు బల్లెములవలె సూటిగా రెండడుగుల పొడవునకు పెరుగును. మగదానికే గాక ఆడుదానికిని ఈ కొమ్ములుండుట గమనింపదగినది. ఎక్కడనో వాన పడి పచ్చిక మొలచినచో అంతదూరము నడచిపోయి మేయుట దాని జీవితము.

ఎడారికి మోటారుబండియు, దానితో తుపాకియు వచ్చిన పిమ్మట ఈ నడకకు చేటు వచ్చినది. 1962లో ఫానా ప్రిజర్వేషన్ సొసైటీ అను బ్రిటిషు సంఘమువారు మిగిలినవానిలో కొన్నింటినైనను కాపాడదలచి, ఏడెన్ ప్రాంతమున మూడింటిని పట్టి దక్కించుకొనిరి. వాటిని అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున ఫీనిక్సు నగరపు జంతుప్రదర్శనశాలకు చేర్చిరి. లండను జంతుశాలనుండి, కువైటునుండి, సౌదీ రాజుగారి వద్దనుండి మరికొన్ని వచ్చి మొత్తము తొమ్మిది అయ్యెను. ఈ తొమ్మిదింటికి 'ప్రపంచ మంద' యని పేరు పెట్టిరి. తొమ్మిది తలలకు అంత పెద్ద పేరా యని నవ్వవచ్చును గాని, 1972లో ఒమాన్ దేశమున జిద్దత్ అల్ హరాసీస్ అను రాతిమైదానమున కడపటి మృగములు వేటగాండ్రపాలైన పిమ్మట నవ్వుటకు ఏమియు మిగులలేదు. స్వేచ్ఛగా తిరుగు అరేబియా ఓరిక్సు భూమిమీద ఒక్కటియు లేకపోయెను. తరువాతి పదేండ్లు ఆ జాతి యంతయు మనుష్యుడు కట్టిన కంచెలలో, మనుష్యుడు పెట్టిన మేత తిని బ్రదికినది. కావున ఆ మేత ఎట్లు పెట్టవలెననునది ఒక జాతి ఉండుటయో పోవుటయో తేల్చు ప్రశ్న.

ఇక మందలోని అంతస్తుల మాట. కోళ్ల గుంపులో ఏది దేనిని పొడువవచ్చునో, ఏది పొడిపించుకొని ఊరకుండవలెనో ఒక వరుస ఉండునని నార్వే దేశస్థుడైన షెల్డెరుప్-ఎబ్బే అను పండితుడు 1922 ప్రాంతమున లోకమునకు తెలిపెను. చిన్ననాటినుండి కోళ్లను కనిపెట్టి చూచినవాడాయన. మన యిండ్లలోని ఆడువారికి ఈ సంగతి అంతకు ముందే తెలియును గాని, వారు వ్యాసములు వ్రాయలేదు. పిమ్మట ఆవులలో, గొఱ్ఱెలలో, జింకలలో ఇట్టి వరుసలు కలవని తెలిసినది. ఓరిక్సు మందలోను కలదు. బలిష్ఠమైన మగది ఒకటి పైన. ఆడువానిలో ఒకదాని క్రింద నొకటి.

ఈ వరుసను చూడగానే దౌర్జన్యమని కోపగించుట తగదు. రెండడుగుల బల్లెములు తలపై మోయు మృగములు ప్రతి గడ్డిపోచకును పోరాడినచో ఆ మంద ఒక్క ఋతువు దాటదు. కావుననే అవి సాధారణముగా పోరాడవు. పెద్దది మెడ నిక్కించి, కొమ్ములు కనబడునట్లు నిలుచును. చిన్నది తల త్రిప్పుకొని తొలగును. వ్యాజ్యము అంతటితో ముగిసినది. రక్తము చిందకుండ తీర్పు చెప్పు ఏర్పాటును తేలికగా త్రోసివేయరాదు. పెద్దకోడలు, చిన్నకోడలు అను వరుస మన యిండ్లలో ఎన్ని పోరులను ఆపినదో, ఎన్ని కన్నీళ్లను దాచినదో రెండును మనకు తెలిసినవే.

చిక్కు వచ్చునది కంచెలో, అందును దాణాతొట్టి కడ. ఎండుగడ్డి విశాలముగా పరచియున్నచో పెద్దది ఒక ప్రక్కను, చిన్నది మరియొక ప్రక్కను మేయును. దాణా సంగతి వేరు. అది రుచిగలది, కొంచెమే ఉండును, ఒకచోట పోగుపడియుండును, త్వరగా అయిపోవును. అనగా ఒక్క జంతువు అడ్డము నిలిచి కాపలా కాయగల వస్తువు. కాపలా కాయుటకు వీలున్నచోట పెత్తనము పదునెక్కును. వీలులేనిచోట అదే జంతువు యొక్క పెత్తనము కునికిపాట్లు పడును. ఇది ఓరిక్సుకు మాత్రమే చెందిన సంగతి కాదు. జంతుశాస్త్రజ్ఞులు అనేక జాతులలో దీనిని కనుగొనిరి.

తొట్టి యొక్కటే యైనప్పుడు క్రిందివరుస జంతువు ఏమి చేయును? దూరమున నిలిచి చూచును. పెద్దవి తిని, నెమరువేయుటకు పండుకొనిన పిమ్మట వచ్చి, అడుగున మిగిలిన పొట్టును నాకును. నాలుగు మారులు తల యెత్తి ఒక మారు తినును. ఆ తిన్నదియు ఒంటబట్టదు. ఆకలికి తాళలేక ముందు వచ్చినచో కంచెకు అదిమి పొడువబడును. బయట మైదానమున తల త్రిప్పుకొని నూరు గజములు నడచినచో తీరిపోవు వివాదము కంచెమూలలో ప్రాణము మీదికి వచ్చును. ఒకచోటినుండి మరియొకచోటికి తీసికొనిపోవునపుడు, మన రైతులు ఎద్దుకొమ్ములకు కుప్పెలు తొడిగినట్లు, ఈ మృగముల కొమ్ములకు గొట్టపు ముక్కలు తొడుగుట ఇందువలననే.

పోనీ, పెద్దదానికైన మేలు కలిగినదా? అదియును లేదు. నెమరువేయు జంతువు దాణా మితిమీరి తినినచో కడుపులో పులుపు పెరిగి, ఆకలి చచ్చి, గిట్టలు చెడి, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును. పాడిపశువులను మేపినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. ఒకే తొట్టి ఒకదానిని ఆకలితోను, మరియొకదానిని అజీర్తితోను బాధించును.

మేము ఆయుస్సులో ఎక్కువభాగము లెక్కల పుస్తకముల యెదుట గడిపినవారము గనుక ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. పది జంతువులు, పది కిలోల దాణా. తలకు ఒక కిలో. పుస్తకములో ఈ లెక్కకు వంక లేదు. వచ్చినదియు ఖర్చయినదియు సరిపోయినవి. తనిఖీకి వచ్చిన అధికారి సంతకము చేసి టీ త్రాగి పోవును. కాని 'తలకు' అను ఆ మాట పుస్తకములో తప్ప తొట్టి కడ ఎక్కడను లేదు. ఒక తుపాను తరువాత ఒక కార్యాలయమువారు సహాయపు బియ్యమును ఊరి మొగలో ఒకేచోట బస్తాలు విప్పి కొలిపించుట మేము చూచితిమి. ఇంటికి ఇంత యని నిర్ణయము. కొలుచువాని ముందుకు త్రోసికొని రాగలవారు ఒక్కొక్క యింటినుండి ముగ్గురు నలుగురు వచ్చి కొలిపించుకొనిరి. ప్రొద్దు క్రుంకునప్పటికి బియ్యము అయిపోయినవి, వేలిముద్రలు సరిపోయినవి. ఊరి చివర గుడిసెలలోని ముసలివారు ఖాళీ సంచులు మడచుకొని పోయిరి. గింజ దొంగిలించినవాడు గుమాస్తాలలో ఒక్కడును లేడు. అయినను ఆ పంపకము న్యాయమని మేము అనజాలము.

ఇప్పుడు ఎడారికి పోవుదము. ఫీనిక్సునందును ఇతర స్థలములందును పెరిగిన మందనుండి కొన్నింటిని ఒమాన్ దేశమునకు తెచ్చి, 1982లో యలూని యనుచోట మొదటి మందను బయటకు విడిచిరి. తెచ్చినవెంటనే విడువలేదు. విశాలమైన కంచెలో వాటిని కలిపి ఉంచి, అవి ఒకదానినొకటి ఎరిగి, వరుస కుదుర్చుకొని, మందగా స్థిరపడువరకు వేచిరి. వరుస కుదరనిది మంద నిలువదని, మంద నిలువనిది ఎడారిలో బ్రదుకు సాగదని వారి యెరుక. ఆ ప్రాంతమున తరతరములుగా మేకలను ఒంటెలను మేపుకొను హరాసీస్ తెగవారినే కావలివారుగ నియమించిరి.

ఆ మృగములను వెంబడించి పరిశీలించిన మార్క్ స్టాన్లీ ప్రైస్ అను శాస్త్రజ్ఞుడు వ్రాసినదానిలో మమ్ము ఆకర్షించిన విషయమొకటి కలదు. ఈ మృగముల నడుమ కొట్లాటలు మిక్కిలి స్వల్పము. అందువలన అవి వేసవియెండలో ఎడారియందు అక్కడొకటి ఇక్కడొకటిగ నున్న చెట్ల నీడను పంచుకొని, పగలు ఎనిమిది గంటలవరకును ఆ నీడలోనే గడుపగలుగుచున్నవి. అదే జంతువు, అవే కొమ్ములు, అదే వరుస. తొట్టి కడ పొడుచునది చెట్టు క్రింద చోటిచ్చుచున్నది.

నీడను కూడ కాపలా కాయవచ్చును గదా యని తార్కికుడు అడుగును. కాయవచ్చును. కాని ఎండలో లేచి ఇతరులను తరుముచు ఒంటిలోని నీటిని పోగొట్టుకొను పెత్తందారుకు ఆ నీడవలన లాభమేమి? పైగా ఒకరు వచ్చి పండుకొనినంతమాత్రమున నీడ తరిగిపోదు, దాణా తరిగిపోవును. కారణము ఇదియేయని మాకు తోచుచున్నది. ఏదియైనను, 'అది దాని స్వభావము' అనువారిని 'ఏది? తొట్టి కడ కనబడినదా, చెట్టు క్రింద కనబడినదా?' యని మేము అడుగుదుము. రెండును స్వభావమే. ఏది బయటపడవలెనో నిర్ణయించినది మాత్రము ఆ జంతువు కాదు. తొట్టిని అక్కడ కట్టినవాడు.

ఇట్టి స్థితిలో పోషకుడు చేయదగినదేమి? పొడుచుదానిని తీసివేయుట మొదట తోచు ఉపాయము. తీసివేసినచో దాని క్రిందిది పైకి వచ్చును. వరుస తిరిగి కుదురువరకు క్రొత్త పోరులు రేగును. దాణా ఎక్కువ పోయుట రెండవ ఉపాయము. అదే తొట్టిలో ఎక్కువ పోసినచో పెద్దదాని అజీర్తియే పెరుగును. అనుభవముగల పోషకులు చేయునది మూడవది. జంతువుల సంఖ్యకంటె ఒకటి రెండు ఎక్కువగ తొట్లు పెట్టుదురు. ఒక్కటి నిలిచి రెండింటిని కాయలేనంత ఎడముగ పెట్టుదురు. మూలలలో పెట్టరు, తరిమినచో పోవుటకు రెండు దారులు విడుతురు. నడుమ తడికెయో తెరయో కట్టి ఒకదాని కన్ను మరియొకదానిపై పడకుండ చేయుదురు. క్రొత్తగా ఈనినదానిని కొన్నాళ్లు వేరుగా ఉంచి మేపుదురు. దాణా ఎంత పోసితిమని చూచుకొని ఊరకుండక, ఏ జంతువు వెన్ను ఎట్లున్నది, ఏదాని ప్రక్కటెముకలు కనబడుచున్నవి యని తలతలకును చూచుదురు. ఈ కడపటిదే మాకు ముఖ్యముగ తోచినది. పోషకుని ఖాతా బస్తాలతో ముగియదు, వెన్నెముకలతో ముగియును. పెత్తనమును ఎవరును రద్దు చేయలేదు. పెద్దది ఇప్పటికిని పెద్దదే, దారిలో ఎదురైనచో చిన్నది ఇప్పటికిని తొలగును. ఆ పెత్తనము కడుపుమీదికి పోకుండ మాత్రము చేసిరి.

దీనికి ఒక ఆక్షేపణ కలదు, అది బలమైనదే. బలహీనమైనదానిని ఇట్లు బుజ్జగించి బ్రదికించుట ప్రకృతికి విరుద్ధము కాదా, జాతి బలహీనపడదా యని. తొట్టి కడ గెలుచుటకు కావలసినది త్రోయగల బలము. ఎడారిలో బ్రదుకుటకు కావలసినవి వేరు: ఎక్కడ వాన పడినదో కనిపెట్టుట, నీరు లేక రోజులు గడుపుట, ఎండ వేళ కదలకుండుట. తొట్టి పరీక్షలో ఓడినది ఎడారి పరీక్షలో ఓడునని ఎవరు చెప్పగలరు? మరియు తొమ్మిదింటినుండి పెరిగిన జాతిలో ఒక్కొక్కదాని రక్తమును ఒక్కొక్క గ్రంథము వంటిది. కావుననే పోషకులు ఏది ఏదానికి పుట్టినదో వంశావళి వ్రాసి, బలిష్ఠమైన ఒక్క మగదాని సంతతితోనే కంచె నిండిపోకుండ, సంతతి తక్కువైనవానికి అవకాశమిత్తురు.

అంతకంటె పెద్ద సమాధానము మరియొకటి కలదు. మైదానములో క్రిందివరుస జంతువునకు ఒక స్వాతంత్ర్యము ఉండెను. అది తొలగిపోవు స్వాతంత్ర్యము. ఇక్కడ చోటు లేనిచో అవతలి పొదకు పోవును. కంచె కట్టినవాడు దానికి ప్రాణరక్షణ ఇచ్చెను, నిజమే. కాని ఆ స్వాతంత్ర్యమును తీసికొనెను. తీసికొన్నవాడు ఋణగ్రస్తుడు. 'నేను సమానముగా పోసితిని, అవి కొట్టుకొనినచో నాదేమి తప్పు' అనుట ఎడారిలో వాన అనవచ్చును. కంచె కట్టినవాడు అనరాదు.

మనుష్యులలో ఈ ఋణమును తీర్చుటకు పుట్టిన ఏర్పాట్లలో బంతిభోజనము ఒకటియని మా అభిప్రాయము. విస్తళ్లన్నియు ముందు పరచుట, అందరు కూర్చుండువరకు వడ్డన మొదలిడకుండుట, అందరు ముగించువరకు ఎవరును లేవకుండుట: ఇవన్నియు బలవంతుని తొందరను ఆపుటకు వేసిన కట్టుబాట్లే. తలకొక తొట్టి పెట్టిన పోషకుని యుక్తియు ఇదియే. అయినను మన బంతులు ఎవరిని ఎంతకాలము గుమ్మము బయట నిలిపినవో మరువరాదు. లోపల కూర్చున్నవారి నడుమ సమత్వమును, బయటివారికి మిగిలిన మెతుకులును పెట్టిన బంతి, తొట్టిని పెద్దది చేసినదే గాని తొట్ల సంఖ్యను పెంచలేదు. ఇక 'వడ్డించేవాడు మనవాడైతే ఏ మూల కూర్చున్నా ఒకటే' యను సామెతను మనవారు నవ్వుచు చెప్పుకొందురు. పరభాషల నడుమ తరములుగా కాపురములు చేయుచున్న మనకు ఆ సామెతలోని రెండవ ముఖము కూడ తెలియును: వడ్డించువాడు మనవాడు కానిచో? కార్యాలయపు కిటికీ కడను, బడిలో తెలుగు తరగతి కొఱకు తిరిగినప్పుడును ఆ మూలను కూర్చున్నవారమే మనము. అందుచేతనే మన సంఘముల పందిళ్లలో వడ్డించు గరిట మన చేతికి వచ్చినప్పుడు, పేరున్న కుటుంబము ముందు అది రెండు మారులు వంగుట చూచి మాకు నొప్పి కలుగును. మంచి పోషకుడు ఏ జంతువునకును 'మనవాడు' కాడు.

ఇదే ఓరిక్సుల జాతిలో ఆఫ్రికాకు చెందిన మరియొక తెగ, కత్తివలె వెనుకకు వంగిన కొమ్ములు గలది, 2000లో అడవులనుండి పూర్తిగా అంతరించినదని ప్రకటింపబడెను. కంచెలలో పెరిగినవానినే 2016నుండి చాద్ దేశమున విడుచుచున్నారు. 2023లో దానిని 'అడవిలో అంతరించినది' అను పట్టికనుండి 'ఆపదలోనున్నది' అను పట్టికకు మార్చిరి. అంతరించినది ఆపదలో పడుట కూడ పదోన్నతియే యగు కాలమిది.

అరేబియా ఓరిక్సు కథ అంత నేరుగా సాగలేదు. ఒమాన్ మైదానమున 1996 నాటికి అవి 450 వరకు పెరిగెను. అప్పుడు దొంగలు వచ్చిరి. ఈమారు చంపుటకు గాదు. ధనవంతుల తోటలకు అమ్ముటకు ప్రాణముతో పట్టుకొనిపోవుట మొదలిడిరి. 2007 నాటికి మిగిలినవి 65. ఆ సంవత్సరముననే యునెస్కోవారు ఆ అభయారణ్యమును ప్రపంచ వారసత్వ పట్టికనుండి తొలగించిరి. అట్లు తొలగింపబడిన మొదటి స్థలము అదియే. మిగిలినవానిని కాపాడుటకు తిరిగి కంచెలోనికి చేర్చవలసివచ్చెను. ఇతర దేశములలోని మందలు వృద్ధిపొందుటచే 2011లో ఆ జాతిని ఒక మెట్టు తక్కువ ఆపదగల పట్టికలో చేర్చిరి గాని, యలూనిలో మరల తొట్టి, మరల పోషకుడు. చెట్టునీడను పంచుకొన్న మృగములకే మరల మూలలు, అంతస్తులు.

తొట్టియు కంచెయు లేని ఏర్పాటు మన పొరుగుననే యున్నది. కృష్ణజింకలు కర్ణాటకమున రాణెబెన్నూరునందును, మహారాష్ట్రమున రెహెకురియందును, చెన్నపట్టణమున గిండీయందును గలవు, అవన్నియు రక్షితస్థలములు. గంజాం జిల్లాలో భేట్నాయి, బలిపదర ప్రాంతములలో మాత్రము అవి ఊళ్ల పొలములలోనే తిరుగును. ఆ మృగము ఊరికి మేలు తెచ్చునని అచ్చటి రైతుల నమ్మిక. పైరు మేసినను తరిమి కొట్టరు, వేటగానిని రానీయరు. బరంపురమునందలి మనవారిలో చూచినవారు ఎందరో యుందురు. అక్కడ ఏ జింకయు ఏ జింకను తొట్టి కడ పొడువనక్కరలేదు, పొలమంతయు విస్తరియే. కాని మందకు గట్లు తెలియవు. పదెకరముల ఆసామి పైరును, అర ఎకరము కౌలుకు తీసికొన్నవాని పైరును దానికి ఒకే రుచి. మేసిపోయిన మడి ఆసామికి ఒక మూల, కౌలుదారుకు ఏటి గ్రాసము. ఊరు చేసిన పుణ్యమునకు ఎవరి విస్తరినుండి ఎంత తీసిరో లెక్క చూడవలసినచోటు అది. అటు పోవు మనవారు జింకలను చూచి సంతోషించి వచ్చునపుడు, గట్టుమీద నిలిచిన ఆ అర ఎకరమువానిని కూడ పలుకరించి రావలెనని మా మనవి.